మొదటి రోజు బాగా మాట్లాడిన మనిషి ఆరో రోజుకు ఎలా పోతాడు? 40 శాతం కాలిన గాయాల వైద్యం గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇది. గ్యాస్ లీకై మంటలంటుకుని 35 ఏళ్ల మనిషికి 40 శాతం కాలింది. బరువు సుమారు 60 కిలోలు. మూడు గంటల తర్వాత దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌కి చేర్చారు. ఆ రోజంతా స్పృహలోనే ఉన్నాడు, అందర్నీ పేరుపేరునా పలకరించాడు, కాఫీ కావాలన్నాడు. మూడో రోజుకు మూత్రం తగ్గిపోయింది. నాలుగో రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, ఆరో రోజు చనిపోయాడు. "అంత బాగున్నవాడు ఎలా పోయాడు, ఎక్కడ తప్పు జరిగింది? అసలు బతికే అవకాశం ఉండేదా?" అని ఆయన బావమరిది అడుగుతున్నారు.

ముందుగా, మీ బావగారు పోయినందుకు చాలా బాధగా ఉందండి. కేస్ షీట్ చూడకుండా ఫలానా చోట తప్పు జరిగిందని తేల్చడం న్యాయం కాదు. కానీ మీరు చెప్పిన వరస, అంటే మొదటి రోజు మాటలు, మూడో రోజు మూత్రం తగ్గడం, ఆరో రోజు మరణం, కాలిన గాయాల వార్డుల్లో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన వరసే. ప్రతి దశలోనూ ప్రాణం తీసేది వేరే. అందుకే గంటల లెక్కన చెబుతాను.

మొదటి రోజు మాట్లాడటం బాగుందనడానికి గుర్తు కాదు. ఒళ్లు కాలినా మెదడుకు దెబ్బ తగలదు కాబట్టి 70, 80 శాతం కాలినవాళ్లు కూడా మొదటి కొన్ని గంటలు స్పష్టంగా మాట్లాడతారు. పైగా చర్మం పూర్తి మందంలో కాలితే అక్కడి నరాలు కూడా కాలిపోతాయి, నొప్పి తెలియదు. తెల్లగానో, గోధుమరంగులోనో తోలులా బిగుసుకుపోయి, సూదితో గుచ్చినా తెలియని చోటే అన్నిటికన్నా లోతుగా కాలిన చోటు. బొబ్బలెక్కి, గులాబీ రంగులో, గాలి తగిలినా ప్రాణం పోతున్నట్టుండే గాయం పైపైది, అది రెండు వారాల్లో దానంతటదే మానుతుంది. "నొప్పి లేదంటున్నాడు, పర్లేదు" అని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకునే క్షణంలోనే ఒంట్లో అసలు నష్టం మొదలై ఉంటుంది.

కాలిన గాయం నిప్పు ఆరగానే ఆగిపోదు. మధ్యలో పూర్తిగా చచ్చిన కణజాలం, దాని చుట్టూ కొన ఊపిరితో ఉన్న కణజాలం, ఆ పైన కేవలం ఎర్రబడిన భాగం ఉంటాయి. 1953లో జాక్సన్ అనే శస్త్రవైద్యుడు వర్ణించిన మూడు మండలాలివే. కొన ఊపిరితో ఉన్న ఆ మండలం బతకడమా చావడమా అనేది తర్వాతి 48 గంటల్లో తేలుతుంది. రక్తప్రసరణ, ద్రవాలు, సూక్ష్మజీవులు లేకపోవడం, ఈ మూడూ సరిగా ఉంటే బతుకుతుంది. లేకపోతే మొదటి రోజు పైపైన ఉన్న గాయమే మూడో రోజుకు లోతు గాయమవుతుంది.

అందుకే సంఘటన జరిగిన చోట చేసేదానికి అంత విలువ. కుళాయి నీళ్లు, మామూలు చల్లదనంతో, ధారగా 20 నిమిషాలు పోయాలి. కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా ఉపయోగమే. ఐసు వద్దు, రక్తనాళాలు ముడుచుకుని గాయం ఇంకా లోతుకు పోతుంది. పెద్ద గాయమైనా, చిన్నపిల్లలైనా ఒళ్లు చల్లబడిపోకుండా చూసుకోవాలి. గాయం మీద నీళ్లు పోస్తూనే మిగతా ఒంటికి దుప్పటి కప్పాలి. వణుకు మొదలైతే నీళ్లు ఆపెయ్యాలి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మొలతాడు వెంటనే తీసెయ్యాలి, గంటలో వాపు వచ్చి అవే వేళ్లకు ఉరి బిగిస్తాయి. ఒంటికి అతుక్కున్న బట్టను లాగకుండా చుట్టూ కత్తిరించాలి. తర్వాత ఉతికిన నూలు బట్ట గానీ, వంటింట్లో గిన్నెల మీద చుట్టే పారదర్శక ప్లాస్టిక్ పొర గానీ కప్పి 108కి ఫోన్ చెయ్యాలి. దోసె పిండి, పసుపు, టూత్‌పేస్ట్, సిరా, గుడ్డు సొన, నెయ్యి ఏవీ పూయకూడదు. వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, సూక్ష్మజీవుల్ని తెచ్చిపెడతాయి. అంతకన్నా పెద్ద నష్టమేమిటంటే, గాయం ఎంత లోతో డాక్టరుకు కనబడకుండా చేస్తాయి. వాటిని గీకి తీసేటప్పుడు కొత్త గాయమవుతుంది.

ఆసుపత్రిలో మొదట చూడాల్సింది గాయాన్ని కాదు, గొంతును. మూసిన గదిలో మంటల్లో చిక్కుకున్నా, ముఖం కాలినా, ముక్కులో వెంట్రుకలు మాడినా, కఫంలో మసి కనబడినా, గొంతు బొంగురుపోయినా శ్వాసనాళం కాలినట్టే అనుకోవాలి. ఆ వాపు తర్వాతి 12 నుంచి 36 గంటల్లో పెరుగుతూ పోతుంది. బాగా మాట్లాడుతున్నప్పుడే శ్వాసనాళంలోకి గొట్టం వెయ్యాలి. ఆయాసం వచ్చాక వేద్దామంటే గొట్టం దూరే సందుండదు. వేసిన గొట్టాన్ని పొట్టిగా కత్తిరించకూడదు, ముఖం ఉబ్బాక అది లోపలికి జారిపోతుంది. కాలిన ముఖానికి ప్లాస్టర్ అంటదు కాబట్టి నాడాతో కట్టాలి. ఇంకో మోసం వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరుది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తానికి పట్టినా అది దాన్ని ఆక్సిజన్‌గానే లెక్కేసి 98, 99 చూపిస్తుంది. అందుకే అంకె ఎంతున్నా మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెట్టాలి. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, పూర్తి ఆక్సిజన్ మీద గంట, గంటన్నరలో తగ్గుతుంది.

ఇక మీ ప్రశ్నకు గుండెకాయలాంటిది సెలైన్ లెక్క. కాలింది 20 శాతం దాటితే కాలిన చోటే కాదు, ఒళ్లంతా రక్తనాళాలు కారడం మొదలవుతుంది. రక్తంలోని నీరు, ప్రొటీన్లు బయటి కణజాలంలోకి పోతాయి. మనిషి బయటికి ఉబ్బుతూ లోపల ఎండిపోతాడు. మర్నాటికి కళ్లు తెరవలేనంతగా ముఖం ఉబ్బడం మీరు చూసే ఉంటారు. ఆ ఉబ్బంతా రక్తంలో ఉండాల్సిన నీరే. 1942లో బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయారు. ఈ ద్రవాల విషయం మీద ఆధునిక అవగాహనకు ఆ క్షతగాత్రుల చికిత్సే ఒక మలుపు. 1968లో డాలస్‌లోని పార్క్‌ల్యాండ్ ఆసుపత్రి నుంచి చార్లెస్ బాక్స్టర్ ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారు: 4 మి.లీ. × కిలోల్లో బరువు × కాలిన శాతం, మొదటి 24 గంటలకు, రింగర్ లాక్టేట్ అనే రకం సెలైన్. అందులో సగం మొదటి 8 గంటల్లో, మిగతా సగం తర్వాతి 16 గంటల్లో.

మీ బావగారికి లెక్కేద్దాం. 4 × 60 × 40 అంటే 9,600 మి.లీ. అర లీటరు సీసాలైతే 19 పైచిలుకు. సగం, అంటే 4,800 మి.లీ., మొదటి 8 గంటల్లో వెళ్లాలి. ఆ 8 గంటలు లెక్కపెట్టేది ఆసుపత్రిలో చేరిన క్షణం నుంచి కాదు, కాలిన క్షణం నుంచి. ఆయన చేరేసరికే 3 గంటలు గడిచాయి. కాబట్టి మిగిలిన 5 గంటల్లో గంటకు 960 మి.లీ. చొప్పున, ఆ తర్వాత గంటకు 300 మి.లీ. చొప్పున ఎక్కాలి. దీనికి రెండు చేతులకూ లావు సూదులు కావాలి. ఒక సన్నటి సూదితో రోజంతా ఆరు సీసాలు ఎక్కించి "సెలైన్ పెట్టాం" అంటే, అవసరంలో మూడో వంతు కూడా ఇవ్వనట్టే. 4కి బదులు 2 మి.లీ.తో మొదలుపెట్టే పద్ధతి కూడా ఇప్పుడు వాడుకలో ఉంది, అది తప్పు కాదు. ఎందుకంటే ఈ సూత్రం ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రమే చెబుతుంది. అసలు కొలత మూత్రం. పెద్దవాళ్లలో గంటకు కిలోకు అర మి.లీ., అంటే ఆయనకు గంటకు 30 మి.లీ. అయినా రావాలి. 30 కిలోల లోపు పిల్లలకు కిలోకు 1 మి.లీ. క్యాథెటర్, అంటే మూత్రం గొట్టం, వేసి గంటగంటకూ కొలిచి, తక్కువైతే ద్రవాన్ని అయిదో వంతో, నాలుగో వంతో పెంచాలి, ఎక్కువైతే అలాగే తగ్గించాలి. డ్యూటీ మారినప్పుడు ఒకసారి సంచి ఖాళీ చేసి రాసుకునే చోట ఈ పని జరగదు.

ఇక్కడ నాలుగు తప్పులు పదేపదే జరుగుతాయి. ఒకటి, శాతం తప్పుగా వెయ్యడం. పెద్దవాళ్లలో తలకు 9, ఒక్కో చేతికి 9, ముందు మొండేనికి 18, వీపుకు 18, ఒక్కో కాలికి 18, మర్మస్థానానికి 1. చిన్నపిల్లల్లో తల 18, ఒక్కో కాలు 14 దాకా. చెల్లాచెదురుగా కాలితే రోగి అరచెయ్యి వేళ్లతో సహా దాదాపు 1 శాతం. ఊరికే ఎర్రబడిన చోటును కలపకూడదు. రెండోది, రింగర్ లాక్టేట్ లేదని 5 శాతం డెక్స్ట్రోజ్ ఎక్కించడం. పెద్దవాళ్లలో అది రక్తనాళాల్లో నిలవదు, సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. మూడోది, మూత్రం తగ్గిందని లాసిక్స్ ఇవ్వడం. ఎండిపోయిన మనిషికి మూత్రం వచ్చే మందు ఇస్తే రెండు మూడు గంటలు సంచిలో మూత్రం కనబడుతుంది, చార్టు బాగుంటుంది, మూత్రపిండాలు మాత్రం మరింత దెబ్బతింటాయి. మీరు చెప్పిన మూడో రోజు మూత్రం తగ్గుదలకు మూలం చాలాసార్లు మొదటి 12 గంటల్లోనే ఉంటుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరగడానికి రెండు రోజులు పట్టడం వల్ల అది మూడో రోజు వచ్చిన జబ్బులా కనిపిస్తుంది. నాలుగోది దీనికి సరిగ్గా వ్యతిరేకం, లెక్క లేకుండా ఎక్కించడం. 24 గంటల్లో కిలోకు 250 మి.లీ. దాటితే, 60 కిలోల మనిషికి 15 లీటర్లు దాటితే, పొట్ట లోపలి ఒత్తిడి పెరిగి మూత్రపిండాలకూ పేగులకూ రక్తం అందదు. అప్పుడూ మూత్రం తగ్గుతుంది. దానికి మళ్లీ సెలైన్ పెంచితే మనిషి చేజారిపోతాడు.

నొప్పి మందు గురించి ఒక్క మాట. మార్ఫిన్ నరంలోకే, 2, 3 మిల్లీగ్రాముల చొప్పున మళ్లీ మళ్లీ ఇవ్వాలి. కండలోకి పొడిస్తే రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్న మనిషి కండరం నుంచి మందు రక్తంలోకి చేరదు. నొప్పి తగ్గలేదని ఇంకోటి పొడుస్తారు, ఆనక రక్తప్రసరణ తేరుకోగానే మొత్తం ఒక్కసారిగా కలిసి శ్వాస ఆగిపోతుంది.

చెయ్యి, కాలు, ఛాతీ చుట్టూరా లోతుగా కాలితే ఆ మాడిన చర్మం సాగదు. లోపల వాపు పెరుగుతుంటే రక్తం ఆగిపోతుంది. ఛాతీ అయితే ఊపిరి తీసుకోలేరు. మంచం దగ్గరే ఆ తోలు పొరను రెండు పక్కలా నిలువునా, కింద కొవ్వు కనబడేదాకా కోసి వదులు చెయ్యాలి. ఎస్కరాటమీ అనేది ఇదే. వేళ్లు చల్లబడటం, తిమ్మిరి, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రాకపోవడం గుర్తులు. నాడి అందకుండా పోయేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. రెండు మూడు గంటలు తాత్సారం చేసినందుకు చేతులు తీసేయాల్సి వచ్చిన కేసులున్నాయి. హైవోల్టేజ్ కరెంటు తగిలినప్పుడు ఇంకా జాగ్రత్త. పైకి చిన్న మచ్చే కనబడుతుంది, లోపల కండరమంతా ఉడికి ఉంటుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండరాల విషం మూత్రపిండాల్లో చేరుతున్నట్టు. అప్పుడు గంటకు 75 నుంచి 100 మి.లీ. మూత్రం వచ్చేలా ద్రవాలివ్వాలి, ఈసీజీ తప్పనిసరి. అక్కడ శాతాల లెక్క పనికిరాదు.

48 గంటలు గడిచాక శత్రువు మారుతుంది. కాలిన చర్మం మొదట దాదాపు సూక్ష్మజీవులు లేకుండా ఉంటుంది. రెండో రోజుకు ఒంటి మీది మామూలు బ్యాక్టీరియా, అయిదో రోజు నుంచి వారం లోపు సూడోమోనాస్ లాంటి మొండి రకాలు పట్టుకుంటాయి. పచ్చటి చీము, ఒక రకం తియ్యటి వాసన సూడోమోనాస్ గుర్తులు. చచ్చిన చర్మానికి రక్తం రాదు కాబట్టి నరంలోకి ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ ఎక్కించినా అక్కడికి చేరదు. మొదటి రోజు నుంచే ముందుజాగ్రత్తగా పెద్ద యాంటీబయాటిక్‌లు మొదలుపెడితే మిగిలేది వాటికి లొంగని బ్యాక్టీరియా మాత్రమే. ఏ బ్యాక్టీరియానో తేల్చే కల్చర్ పరీక్షకు పంపి, ఇన్ఫెక్షన్ గుర్తులు వచ్చాకే ఇవ్వాలి. మొదటి రోజు తప్పనిసరి ఇంజెక్షన్ టెటనస్‌ది. ఇన్ఫెక్షన్ గుర్తించడం కూడా తేలిక కాదు. కాలినవాళ్లకు జ్వరం ఎలాగూ ఉంటుంది, 38.5 డిగ్రీల సెల్సియస్ దాకా మామూలే. భయపడాల్సింది ఒళ్లు చల్లబడినప్పుడు, ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, షుగరు లేనివాడికి షుగరు పెరిగినప్పుడు, నిన్నటిదాకా అరిగిన ఆహారం ఇవాళ అరగనప్పుడు, మనిషి సంబంధం లేని మాటలు మాట్లాడినప్పుడు. ఆరో రోజు మరణాల్లో ఎక్కువ భాగం ఇక్కడ జరుగుతాయి. మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిని ఉంటే తట్టుకునే శక్తి ఇంకా తక్కువ.

అందరూ పూసే తెల్ల క్రీము, సిల్వర్ సల్ఫాడయజిన్, మంచిదే, కానీ అన్నిటికీ అదే మందు కాదు. గాయం మీద తెల్లటి పొర కడుతుంది, దాన్ని చూసి లోతు అంచనా వెయ్యడం కష్టం. రోజూ ధార నీటితో కడిగి పాతది పూర్తిగా తీసి కొత్తది పూయాలి. పాతదాని మీదే పొరలు పొరలుగా రాస్తే అడుగున చీము దాక్కుంటుంది. పెద్ద గాయాన్ని పెద్దాసుపత్రికి పంపేటప్పుడు అసలు పూయకుండా పంపడం మంచిది. గాయం మీద కప్పే పల్చటి ప్రొటీన్ పొరలు, కొలాజెన్ షీట్లూ అంతే, శుభ్రమైన పైపై గాయానికి మొదటి గంటల్లో వేస్తే అద్భుతంగా పనిచేస్తాయి. లోతు గాయం మీదో, ఇన్ఫెక్షన్ పట్టిన గాయం మీదో వేస్తే పైన చక్కగా ఎండినట్టుంటుంది, కింద చీము చెరువవుతుంది.

లోతు గాయానికి అసలు వైద్యం ఆ చచ్చిన చర్మాన్ని తీసేసి కొత్త చర్మం అతికించడమే. పూర్వం అది దానంతటదే ఊడేదాకా మూడు వారాలు ఆగేవారు, ఈలోపు ఇన్ఫెక్షన్ మనిషిని తీసుకుపోయేది. ఇప్పటి స్లొవేనియాలోని మారిబోర్‌లో జోరా యాంజెకోవిచ్ అనే వైద్యురాలు, మొదటి రోజుల్లోనే చచ్చిన చర్మాన్ని పల్చటి పొరలుగా, రక్తం చిమ్మే బతికున్న పొర తగిలేదాకా చెక్కి, వెంటనే గ్రాఫ్ట్ వేసే పద్ధతిని 1970లో ప్రచురించారు. ఈ రంగంలో మరణాల్ని తగ్గించిన వాటిలో దీనికి పెద్ద స్థానముందని నా నమ్మకం. రెండో రోజు నుంచి అయిదో రోజు లోపు, రోగి షాక్ నుంచి తేరుకోగానే, ఒక విడతకు ఒంట్లో 15, 20 శాతం మించకుండా చేస్తారు. రక్తం చాలా పోతుంది, ఎక్కించడానికి రక్తం ముందే సిద్ధంగా ఉండాలి. మత్తు డాక్టర్లు మరవకూడనిది ఒకటి: మొదటి 24 గంటలు దాటాక కండరాల్ని సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇవ్వకూడదు, పొటాషియం ఎగిసి గుండె ఆగుతుంది.

తొడ నుంచి తీసే చర్మం చాలక, రోగి సొంత చర్మం సరిపోకపోతే దాతల చర్మం తాత్కాలికంగా కప్పుతారు. అది మూడు వారాలు నిలిచినా చాలు, ఆ కవచం కింద మనిషి కోలుకుంటాడు. మరణించిన 6 గంటల లోపు కాళ్లు, తొడలు, వీపు నుంచి పైపొర మాత్రమే తీస్తారు, మనిషి రూపం చెడదు, బ్లడ్ గ్రూపు కలవాల్సిన పని లేదు. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంక్ పెట్టారు. కళ్లు ఇవ్వడానికి ముందుకొచ్చే కుటుంబాలు చర్మం ఇవ్వడానికి ఇంకా జంకుతున్నాయి.

ఇంటివాళ్ల చేతిలో పూర్తిగా ఉన్నది తిండి. "గుడ్డు పెడితే చీము పడుతుంది, పప్పు పుండును మాననివ్వదు, మాంసం వేడి" అని చారన్నంతో, బ్రెడ్డుతో సరిపెడతారు. ఈ పథ్యం ప్రాణాంతకం అని గట్టిగా చెప్పాల్సి వస్తోంది. కాలిన ఒళ్లు తన కండరాన్నే కరిగించి తింటుంది. పెద్దవాళ్లకు వాడే ఒక లెక్క: కిలోకు 25 కేలరీలు, దానికి తోడు కాలిన ప్రతి శాతానికి 40. మీ బావగారి లెక్కలో 1,500 + 1,600 = 3,100. ప్రొటీన్ కిలోకు 1.5 నుంచి 2 గ్రాములు, అంటే రోజుకు 90 నుంచి 120. ఆరు గుడ్లు, లీటరు పాలు, పావుకిలో చికెన్ లేదా దానికి సరిపడా పప్పు, పనీరు కలిస్తే ఈ ప్రొటీన్ లెక్కకు చేరుకుంటాం. నోటితో అంత తినలేరు కాబట్టి ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ అనే గొట్టం వేసి మొదటి 24 గంటల్లోనే కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. పేగులు ఖాళీగా ఉంటే అక్కడి బ్యాక్టీరియా రక్తంలోకి దాటుతుంది. దాహమంటే చెంబులకొద్దీ ఉత్త నీళ్లు తాగించవద్దు. ఆసుపత్రి దూరమై, వాంతులు లేకుండా స్పృహలో ఉంటే ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా ఇవ్వొచ్చు.

బతికి బయటపడ్డవాళ్ల విషయంలో జరిగే తప్పు వేరు. నొప్పి లేకుండా ముడుచుకుని పడుకునే భంగిమలోనే కీళ్లు బిగుసుకుపోతాయి. మెడ కాలితే తలగడ పెట్టకూడదు, భుజాల కింద చుట్ట పెట్టి గడ్డం పైకి ఉండేలా పడుకోబెట్టాలి. చంక కాలితే చెయ్యి పక్కకు 90 డిగ్రీలు చాపి, మోచెయ్యి, మోకాలు తిన్నగా, పాదం నిటారుగా కట్టెకట్టి ఉంచాలి. ఫిజియోథెరపీ మొదటి రోజే మొదలవ్వాలి, "పుండు మానాక చూద్దాం" అంటే గడ్డం ఛాతీకి అతుక్కుపోతుంది. మూడు వారాల్లో మానని ప్రతి గాయమూ దళసరి మచ్చ కట్టే ప్రమాదం ఉంది. కొలత తీసి కుట్టిన బిగుతు బట్టలు రోజుకు 23 గంటలు, ఏడాది నుంచి ఏడాదిన్నర వేసుకోవాలి.

మీ రెండో ప్రశ్న, బతికే అవకాశం ఉండేదా అని. వయసు, కాలిన శాతం కలిపి, శ్వాసనాళం కాలితే ఇంకో 17 కలిపే ఒక స్కోరు ఉంది. ఆయనది 75, శ్వాసనాళం కాలి ఉంటే 92. సకల సదుపాయాలున్న బర్న్స్ యూనిట్‌కి మొదటి గంటల్లోనే చేరితే 75 దగ్గరివాళ్లలో ఎక్కువమంది బతుకుతారు. పెద్దవాళ్లలో 10 శాతం దాటినా, ముఖం, చేతులు, పాదాలు, మర్మస్థానం, కీళ్లు కాలినా, కరెంటు, యాసిడ్, పొగ ఉన్నా వెంటనే అలాంటి చోటికే పంపాలి. సెలైన్ నడుస్తుండగా, క్యాథెటర్ వేసి, ఎన్ని మి.లీ. ఇచ్చారో, మూత్రం ఎంత వచ్చిందో రాసిన కాగితంతో. నాలుగో రోజు ఇన్ఫెక్షన్‌తో, మూత్రం లేకుండా చేరిన మనిషి విషయంలో ఆ యూనిట్ చేయగలిగేది చాలా తక్కువ.

తప్పు జరిగిందో లేదో తెలుసుకోవడం మీ హక్కు. రెండు ఆసుపత్రుల్లోనూ కేస్ షీట్ నకలు కోసం లిఖితపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. తీసుకుని ఒక ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించండి. చూడాల్సినవి ఇవి: కాలిన సమయం, బరువు రాశారా, శాతం బొమ్మ గీసి వేశారా, మొదటి 8 గంటల్లో ఏ ద్రవం ఎన్ని మి.లీ. ఎక్కింది, మూత్రం గంటగంటకూ రాశారా లేక పూటకొకసారా, లాసిక్స్ ఎప్పుడు ఇచ్చారు, క్రియాటినిన్ ఏ రోజు ఎంత, కల్చర్ పంపారా, మొదటి రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని చెప్పినట్టు మీ సంతకంతో ఎక్కడైనా ఉందా.